ఎయిర్ ఫ్రయ్యర్‌లో కరకరలాడే ఉల్లి పకోడీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎయిర్ ఫ్రయ్యర్ కొన్న చాలా ఇళ్లలో వరస ఇలాగే ఉంటుంది. ముందు ఫ్రోజెన్ ఫ్రెంచ్ ఫ్రైస్ వేస్తారు, బ్రహ్మాండంగా వస్తాయి. ఆ ఊపులో రోజూ కలిపే పకోడీ పిండే కలిపి వేస్తారు. పైన తెల్లగా పిండి, లోపల పచ్చి, కొరికితే గట్టి. దాంతో మెషీన్ అటకెక్కుతుంది. తప్పు మెషీన్‌ది కాదు, నూనె కోసం పుట్టిన పిండిని తెచ్చి గాలిలో పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అందుకే పకోడీతో మొదలుపెట్టి, ఉల్లిపాయతో ఇందులో ఏవి కుదురుతాయో ఏవి కుదరవో అందరూ అడిగేవన్నీ ఒకచోట రాశాను.

ముందు సూటిగా చెప్పండి, నూనెలో వేయించిన పకోడీలాగే వస్తుందా?

అచ్చం అలాగే రాదు. బండి మీద కాగితంలో చుట్టి ఇచ్చే పకోడీ రుచిలో సగం నూనెదే, ఆ నూనె తీసేసి అదే రుచి రావాలంటే ఎక్కడి నుంచి వస్తుంది? కానీ కరకరలాడే, ఉల్లిపాయ తియ్యదనం బాగా తెలిసే, తిన్నాక గుండెల్లో మంట పెట్టని పకోడీ మాత్రం కచ్చితంగా వస్తుంది. దాన్ని వేరే పలహారం అనుకుని తింటే నచ్చుతుంది. పక్కన అసలుది పెట్టుకుని పోలుస్తూ తింటే ఎంత బాగా చేసినా నచ్చదు.

గాలితో వేగడమేంటి? లోపల అసలు ఏం జరుగుతుంది?

పేరులో ఫ్రయ్యర్ అని ఉన్నా అది వేయించదు. ఒక చిన్న ఓవెన్, పైన హీటింగ్ కాయిల్, దాని మీద గట్టిగా తిరిగే ఫ్యాను, అంతే సంగతి. ఫిలిప్స్ వాళ్లు 2010లో బెర్లిన్ ఎగ్జిబిషన్‌లో దీన్ని ఎయిర్‌ఫ్రయర్ అని పెట్టి అమ్మారు, ఆ పేరే అందరికీ అలవాటైపోయింది.

పకోడీని 180 డిగ్రీల (అన్నీ సెల్సియస్ లెక్కే) నూనెలో వేసిన క్షణంలో నూనె అన్ని వైపులా ఒకేసారి అంటుకుంటుంది. పైపొర అక్కడికక్కడే గట్టిపడుతుంది, లోపలి నీరు ఆవిరై బుడగలుగా బయటికి తోసుకొస్తుంది, ఆ ఖాళీల్లోకి కొంచెం నూనె చేరుతుంది. గాలికి అంత శక్తి లేదు. అదే 180 డిగ్రీల గాలి వేడిని చాలా నెమ్మదిగా అందిస్తుంది. కాబట్టి పైపొర వెంటనే గట్టిపడదు, నిదానంగా ఆరుతూ ఆరుతూ చివరికి ఎర్రబడుతుంది. ఎండాకాలం మిద్దె మీద వడియాలు పెట్టినప్పుడు జరిగేదే ఇక్కడ పావుగంటలో జరుగుతుందన్నమాట. ఇది బుర్రలో పెట్టుకుంటే కింది జవాబులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి: పిండిలో నీళ్లు తక్కువ ఉండాలి, పకోడీ పల్చగా ఉండాలి, నూనె ఎంతో కొంత మనమే పిండికి ఇవ్వాలి, చుట్టూ గాలి తిరగడానికి చోటుండాలి.

సరే, కొలతలు?

ముగ్గురు నలుగురు టీతో తినడానికి సరిపోయే లెక్క ఇది.

పెద్ద ఉల్లిపాయలు 2, తరిగాక పావు కిలో దాకా రావాలి. శనగపిండి ముప్పావు కప్పు, అంటే 80 గ్రాములకు కాస్త అటూఇటూ. బియ్యప్పిండి 2 టేబుల్ స్పూన్లు. ఉప్పు ముప్పావు టీస్పూను, కారం అర టీస్పూను, పచ్చిమిర్చి 2, అల్లం చిన్న ముక్క, కరివేపాకు 2 రెబ్బలు, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు ఒక టీస్పూను, వాము చిటికెడు. నూనె మొత్తం 4 టీస్పూన్లు, సగం పిండిలోకి, సగం పైన రాయడానికి.

ఉల్లిపాయను నిలువుగా సన్నగా తరిగి, పొరలన్నీ వేళ్లతో విడదీయండి. ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు వేసి గట్టిగా పిసికి 10 నిమిషాలు వదిలేయండి. ఉప్పు తగిలితే ఉల్లిపాయ నీరు వదులుతుంది, ఆ నీరే మనకు కావాల్సింది. తర్వాత కారం, ధనియాలు, వాము, రెండు పిండులూ చల్లి వేళ్ల కొసలతో కలపండి. 2 టీస్పూన్ల నూనెను గరిటెలో పొగ రాకముందు దాకా వేడిచేసి పిండి మీద పోసి మళ్లీ కలపండి. ఇది మన పెద్దవాళ్లు ఎప్పట్నుంచో చేసే పనే, నూనెలో వేయించేటప్పుడు మానేసినా పర్లేదు కానీ ఇక్కడ మానకూడదు. పిండి ఉల్లిపాయలకు అంటుకుని ఉండాలి, ఉల్లిపాయలు పిండిలో మునిగి ఉండకూడదు. చూడగానే పిండి తక్కువైందేమో అన్న అనుమానం వస్తే సరిగ్గా కలిపినట్టు.

మెషీన్‌ను 180 డిగ్రీల మీద 4 నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వండి. బాస్కెట్‌కు కొంచెం నూనె రాసి, కలిపినదాన్ని చిందరవందరగా, పల్చగా, చిన్న చిన్న కుప్పలుగా వదలండి. ముద్ద కట్టొద్దు, అరచేత్తో నొక్కొద్దు. 9 లేదా 10 నిమిషాలు అయ్యాక తీసి తిప్పి, మిగిలిన నూనె బ్రష్‌తో రాసి, మరో 4, 5 నిమిషాలు పెట్టండి. ఆఖరి 2 నిమిషాలు దగ్గరే ఉండండి, బంగారు రంగు నుంచి మాడు రంగుకు పోవడానికి పెద్ద టైమ్ పట్టదు.

నీళ్లు అసలు పోయొద్దా? పిండి పొడిపొడిగానే ఉంటోంది.

పది నిమిషాలు ఆగారా? చాలామంది ఆగరు, రెండు నిమిషాలకే పిండి చల్లేసి, కలవట్లేదని నీళ్ల గ్లాసు ఎత్తుతారు. ఆగి, బాగా పిసికి, అప్పటికీ అడుగున పొడిపిండి మిగిలితే చేతిని నీళ్లలో ముంచి చిలకరించండి. ఒకటి రెండుసార్లు చిలకరిస్తే చాలు. ఇంకో మాట, పొడిపిండి అలాగే మిగలడం కూడా నష్టమే. నూనెలో అయితే ఆ పొడి నూనె పీల్చుకుని వేగిపోతుంది, ఇక్కడ మాత్రం తెల్లగా తెల్లగానే ఉండిపోయి, నోట్లో పెట్టుకుంటే అంగిలికి అంటుకుంటుంది.

శనగపిండి పచ్చివాసన పోవట్లేదు. ఎంతసేపు పెట్టినా అంతే.

ఎక్కువమంది మెషీన్‌ను తిట్టేది ఇక్కడే. ఒక చిన్న పని చేయండి: శనగపిండిని ముందే మూకుడులో సన్న సెగ మీద 3, 4 నిమిషాలు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లార్చి, జల్లించి వాడండి. రంగు మారేదాకా వేయించక్కర్లేదు. అసలు పచ్చివాసన ఎందుకు మిగులుతుందంటే, పకోడీ మందంగా ఉన్నప్పుడు మధ్యలోని పిండి ఉల్లిపాయ ఆవిరిలో ఉడుకుతుంది తప్ప వేగదు. పైకి ఎర్రగా కనిపించేసరికి మనం తీసేస్తాం. వేయించిన పిండితో ఆ గొడవ సగానికి సగం తగ్గుతుంది, మిగిలిన సగం పల్చగా వేస్తే పోతుంది.

పాత పిండి అయితే ఏం చేసినా చేదే. ఎయిర్ ఫ్రయ్యర్‌లో నూనె కప్పిపుచ్చదు కాబట్టి పిండి వయసు వెంటనే తెలిసిపోతుంది.

ఒక్క చుక్క నూనె లేకుండా చేయలేమా? డాక్టర్‌గారు నూనె తగ్గించమన్నారు.

చేయొచ్చు, కానీ తినలేరు. నూనె లేని పిండి ఎండి బిస్కట్టు పెంకులా అవుతుంది, రంగు కూడా మచ్చలు మచ్చలుగా వస్తుంది. పిండి రేణువులకు నూనె పూత ఉంటేనే పైపొర గుల్లగా ఉంటుంది, వేడి కూడా సమంగా పాకుతుంది. పైన చెప్పిన 4 టీస్పూన్లు నలుగురికి పంచితే మనిషికి ఒక టీస్పూను. డాక్టర్‌గారు కచ్చితమైన లెక్క చెప్పి ఉంటే ఆ లెక్కలో ఈ టీస్పూనుకు చోటుందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ రోజు పకోడీ మానేసి ఉల్లిపాయ, దోసకాయ, నిమ్మరసం కలుపుకుని తినడం మేలు.

ఏ ఉల్లిపాయ మంచిది?

నీరు తక్కువ, ఘాటు ఎక్కువ ఉన్నది. ఉల్లిపాయలో ఎలాగూ పది పాళ్లకు తొమ్మిది పాళ్లు నీరే ఉంటుంది, ఆ మిగతా ఒక పాలులోనే తేడాలన్నీ. మహారాష్ట్ర నుంచి వచ్చే రబీ పంట ఉల్లి, గట్టిగా, పైన పొరలు బాగా ఎండి ఉంటుంది చూడండి, అది దీనికి చక్కగా సరిపోతుంది. ఖరీఫ్ పంట, కర్నూలు వైపు నుంచి వానాకాలం చివర్లో మార్కెట్‌కు దిగే కొత్త ఉల్లిలో చెమ్మ ఎక్కువ. రుచికి వంక పెట్టలేం, కాకపోతే ఉప్పు వేసి పిసికాక నీరు బాగా ఊరుతుంది. అప్పుడు పిండి పెంచకండి, ఉల్లిపాయల్ని పిడికిట్లో నొక్కి ఆ నీటిని కొంచెం తీసి పక్కన పెట్టుకోండి, పారబోయకుండా సాయంత్రం చారులో పోసేయండి.

అమెరికాలో ఉన్నవాళ్లు మామూలు ఎర్ర ఉల్లిపాయ గానీ పసుపు ఉల్లిపాయ గానీ వాడొచ్చు. విడాలియా లాంటి తియ్య ఉల్లిపాయలు మాత్రం వద్దు, వాటిలో నీరు ఎక్కువ, ఘాటు తక్కువ. పకోడీ చప్పగా, మెత్తగా వస్తుంది.

180 పెట్టాలా, 200 పెట్టాలా?

మొదట 180, ఆఖర్లో కావాలంటే 190. మొదట్నుంచీ 200 పెడితే బయటికి పొడుచుకొచ్చిన ఉల్లి పోగులు నల్లబడతాయి, లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. 160 మీద పెడితే నెమ్మదిగా ఎండిపోతుంది తప్ప ఎర్రబడదు. ఆ ఎర్రదనం, ఆ వాసన రావాలంటే పైపొర ఆరి, 140 డిగ్రీలు దాటాలి. తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 దగ్గరే ఆగిపోతుంది. నీళ్లు తక్కువ పోయమని పదే పదే చెప్పేది అందుకే.

మెషీన్ మెషీన్‌కూ తేడా ఉంటుంది. చిన్న బాస్కెట్ మోడళ్లలో కాయిల్ దగ్గరగా ఉంటుంది కాబట్టి త్వరగా మాడుతుంది, ట్రేలు ఉండే పెద్ద మోడళ్లలో 3, 4 నిమిషాలు ఎక్కువ పడుతుంది. మొదటి వాయ తీసి చూసి రెండో వాయకు సర్దుకోండి.

మొక్కజొన్న పిండి, రవ్వ, మైదా ఇలాంటివి కలపొచ్చా?

బియ్యప్పిండే రాజు. కార్న్‌ఫ్లోర్ ఒక స్పూను వేస్తే కరకర కొంచెం ఎక్కువసేపు ఉంటుంది, కావాలంటే వేసుకోండి. రవ్వ నానదు, పంటికింద ఇసుకే. మైదా వద్దు, సాగుతుంది. బియ్యప్పిండి కూడా శనగపిండిలో పావు వంతు దాటనివ్వకండి, దాటితే కరకర పోయి గట్టిదనం వస్తుంది.

వంట సోడా?

చిటికెడు వేస్తే రంగు త్వరగా వస్తుంది, నిజమే, క్షారం ఉంటే ఎర్రబడటం తొందరగా జరుగుతుంది. కానీ నీళ్లు లేని పిండిలో అది సమంగా కలవదు. ఎక్కడైనా ముద్దగా ఉండిపోతే అక్కడ సబ్బు రుచి, ఎర్రటి మచ్చ. గట్టి పకోడీకి సోడా అవసరం లేదని నా అభిప్రాయం. మెత్తటి పకోడీ కావాలనుకుంటే అది ఈ మెషీన్‌లో ఎలాగూ కుదరదు.

మిర్చి బజ్జీ, పునుగులు, ఉల్లి చక్రాల బజ్జీ కూడా ఇలాగే వేసేయొచ్చా?

వద్దు. జారుడు పిండితో చేసేదేదీ ఇందులో వద్దు. నూనెలో పిండి పడగానే గడ్డకడుతుంది, ఇక్కడ గడ్డకట్టేలోపే కారి బాస్కెట్ రంధ్రాల్లోంచి కిందికి దిగుతుంది. ఫ్యాను గాలికి చుక్కలు ఎగిరి కాయిల్‌కు కూడా తగలొచ్చు, ఇక అది మాడి, పొగొచ్చి, దాన్ని గీకడానికి ఒక ఆదివారం. బజ్జీ తినాలనిపిస్తే మూకుడు పెట్టి నూనె పోసి వేసుకోండి, నెలకోసారి తింటే ఏం కాదు. పునుగుల కోసమే అయితే పొంగనాల పెనం ఉంది కదా.

మరి ఆనియన్ రింగ్స్ అందరూ ఇందులోనే చేస్తున్నారుగా?

వాళ్లు జారుడు పిండి మీద పొడి పొర వేస్తారు. అదే కిటుకు. ఉల్లిపాయను చక్రాలుగా, అర అంగుళానికి కాస్త తక్కువ మందంలో కోసి, లోపలి పల్చటి పొర లాగేయండి, అది ఉంటే పైపూత జారిపోతుంది. ముందు పొడి మైదాలో గానీ బియ్యప్పిండిలో గానీ దొర్లించాలి, తర్వాత చిక్కటి మజ్జిగలో కలిపిన పిండిలో ముంచాలి, గుడ్డు తినేవాళ్లు గిలకొట్టిన గుడ్డులో, ఆ తర్వాత బ్రెడ్ పొడిలో. అసలు సంగతి బ్రెడ్ పొడి దగ్గర ఉంది: దాన్ని ముందే ఒకటిన్నర టేబుల్ స్పూను నూనెతో మూకుడులో లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించి పెట్టుకుంటే, మెషీన్‌లో ఎర్రబడటం కోసం ఎదురుచూడక్కర్లేదు, ఉల్లిపాయ ఉడికితే చాలు. పూత పెట్టిన చక్రాలను పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి 190 మీద 8 నుంచి 10 నిమిషాలు పెట్టండి. మధ్యలో ఒకసారి జాగ్రత్తగా పట్టకారుతో తిప్పండి, బాస్కెట్ కుదిపారంటే పూత రాలిపోతుంది.

మన నోటికి బ్రెడ్ పొడిలో కారం, గరం మసాలా, కొంచెం ఆమ్‌చూర్ కలిపితే బాగుంటుంది. ఉత్తవి అయితే పిల్లలు తింటారు, పెద్దవాళ్లు ఒకటి తిని ఆపేస్తారు.

హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో దొరికే చిన్న ఉల్లి సమోసా వస్తుందా?

చక్కగా వస్తుంది. నిజానికి ఉల్లిపాయతో ఈ మెషీన్‌లో చేసేవాటిలో నా ఓటు దీనికే. పల్చటి సమోసా పట్టీ, బయట కొన్నది పర్లేదు, దానికి నూనె బ్రష్‌తో రాస్తే గాలికి భలే పెళుసుగా అవుతుంది, మందపాటి పంజాబీ సమోసా పిండి అలా అవ్వదు. లోపల పెట్టేదాంట్లో నీరు లేకుండా చూడటమే పని. అందుకే సన్నగా తరిగిన ఉల్లిపాయలో పల్చటి అటుకులు ఒక గుప్పెడు కలుపుతారు, ఉల్లి వదిలే నీటిని అటుకులు పీల్చుకుంటాయి, పట్టీ తడవదు. పచ్చిమిర్చి, కారం, జీలకర్ర పొడి, కొత్తిమీర, ఉప్పు. ఉప్పు మాత్రం మడిచే ముందే వేయండి, ముందుగా వేసి పెట్టుకుంటే నీరు ఊరుతుంది. మైదా పేస్టుతో అంచులు గట్టిగా మూయండి. 180 మీద 12 నిమిషాల దాకా, మధ్యలో ఒకసారి తిప్పి మళ్లీ నూనె తడి చేయాలి. ఇరానీ చాయ్ మీ చేతిలో ఉంది.

బిర్యానీ మీదికి ఎర్రగా వేయించే ఉల్లిపాయలు?

అవుతాయి, కానీ దగ్గర నిలబడాలి. అర కిలో ఉల్లిపాయలు ఒకే మందంలో సన్నగా తరిగి, రెండు మూడు టీస్పూన్ల నూనె, చిటికెడు ఉప్పు పట్టించి 150 మీద పెట్టి, ప్రతి 4, 5 నిమిషాలకూ కలుపుతూ ఉండాలి. 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. అంచులవి ముందు అయిపోతాయి, వాటిని తీసేసుకుంటూ ఉండండి. తీశాక వెడల్పాటి పళ్లెంలో పరిస్తే చల్లారుతూ కరకరలాడతాయి. దమ్‌లో పెట్టే లోపలి పొరలకు నూనెలో వేయించినవే రుచి, ఎందుకంటే ఆ నూనె కూడా బిర్యానీకి కావాలి. పైన చల్లుకోవడానికి, రైతాలోకి, కుర్మాలో నూరడానికి ఇవి చాలు.

ఇంట్లో పదిమంది వస్తే ఎలా?

ఇదే అసలైన ఇబ్బంది. నాలుగు లీటర్ల బాస్కెట్‌లో వాయకు ఇద్దరికి సరిపడా పకోడీ పడుతుంది, వాయకు పావుగంట. పదిమందికి గంట దాటిపోతుంది. తొందరకొద్దీ రెండు పొరలు వేశారా, కింద ఉన్నవి ఆవిరికి ఉడికిపోతాయి, అన్నీ మెత్తనే. ఒక దారి ఉంది. అన్ని వాయలనూ 10 నిమిషాల దగ్గరే, లేత రంగులో ఉండగా తీసి జల్లి స్టాండు మీద ఆరబెట్టుకోండి. అందరూ కూర్చున్నాక, అప్పుడు కాస్త ఎక్కువెక్కువ వేసి 190 మీద 4 నిమిషాలు తిప్పి తెస్తే వేడివేడిగా వస్తాయి. పిండి మాత్రం ముందే మొత్తం కలిపి పెట్టొద్దు, ఆగేకొద్దీ నీరు ఊరి జారిపోతుంది. ఉల్లిపాయలు తరిగి, పిండులు కలిపి విడివిడిగా ఉంచుకుని, రెండు వాయలకు ఒకసారి కలుపుకోండి.

పెళ్లివారు వస్తున్నారంటే మాత్రం ప్రయోగాలొద్దు, మూకుడే పెట్టండి.

తీసిన పది నిమిషాలకే మెత్తబడుతున్నాయి.

మూత పెట్టారా? హాట్ ప్యాక్‌లో వేశారా? అదే కారణం. లోపలి ఉల్లిపాయలో ఇంకా నీరుంటుంది, ఆ ఆవిరికి బయటికి దారి లేకపోతే పైపొరే పీల్చుకుంటుంది. పళ్లెంలో టిష్యూ వేసి కుప్పగా పోయడం కూడా అంతే, ఇక్కడ పీల్చడానికి నూనె లేదు కాబట్టి టిష్యూ అక్కర్లేదు. జల్లి మీద పరిచి ఉంచండి. ఎంత చేసినా అరగంట దాటితే కరకర తగ్గుతుంది. రాత్రి మిగిలినవి మర్నాడు 170 మీద 3, 4 నిమిషాలు పెడితే తిరిగొస్తాయి, అసలు నూనెలో వేయించిన నిన్నటి పకోడీ కూడా ఇందులో వేడిచేస్తే అదనంగా ఉన్న నూనె కొంత కిందికి దిగి బాగుంటుంది. మైక్రోవేవ్ జోలికి పోకండి.

నిజంగా తేలికైన తిండేనా, లేక మనల్ని మనం మభ్యపెట్టుకోవడమా?

లెక్క వేసుకుందాం. పైన చెప్పిన కొలతలో శనగపిండికి 300 కేలరీలు, బియ్యప్పిండికి 70, ఉల్లిపాయలకు 100, నూనెకు 160, అటూఇటూగా 630. నలుగురికి పంచితే మనిషికి 160 దాకా. ఇందులో మనం తగ్గించగలిగింది నూనె ఒక్కటే, టీస్పూనుకు 40 కేలరీలు. మూకుడులో వేస్తే ఎంత పీలుస్తుందనేది పిండిని బట్టి, నూనె వేడిని బట్టి మారుతుంది. మీరే తెలుసుకోవచ్చు, వేయించే ముందు మూకుడులో నూనెను కొలిచి, అయ్యాక చల్లార్చి మళ్లీ కొలవండి. చూశాక మీకే ఆశ్చర్యమేస్తుంది.

కానీ పిండి పిండే, గాలిలో పెట్టినంత మాత్రాన కరిగిపోదు. షుగర్ ఉన్నవాళ్లు నూనె లేదు కదా అని రెండు ప్లేట్లు తింటే లాభం లేదు. ఉప్పు కూడా అంతే ఉంటుంది. ఇంకో లాభం గురించి ఎవరూ మాట్లాడరు: మూకుడులో మిగిలిపోయిన నూనె. దాన్ని పారేయడానికి మనసొప్పక మళ్లీ మళ్లీ కాచి వాడతాం, అది మంచిది కాదని తెలిసీ. ఇక్కడ మిగిలేది ఉండదు.

ఎయిర్ ఫ్రయ్యర్ వల్ల క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో వచ్చింది, టెన్షన్‌గా ఉంది.

ఆ మెసేజ్‌లో చెప్పేది అక్రిలమైడ్ అనే పదార్థం గురించి. పిండిపదార్థం ఉన్న తిండిని 120 డిగ్రీలు దాటి పొడిగా వేడిచేస్తే అది కొంత తయారవుతుంది. ఆహారంలో అది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. నూనెలో వేయించినా, ఓవెన్‌లో పెట్టినా, ఇందులో పెట్టినా తయారయ్యేదే, ఎయిర్ ఫ్రయ్యర్‌కు మాత్రమే ప్రత్యేకం కాదు. రంగు ఎంత ముదిరితే అంత ఎక్కువ. బంగారు రంగులో తీసేయండి, నల్లబడిన పోగులు ఏరి పారేయండి. నాన్‌స్టిక్ పూత గురించి భయపడేవాళ్లకు ఒక మాట, ఆ పూత పాడవడం మొదలయ్యేది 260 డిగ్రీలు దాటాక, ఈ మెషీన్లు చాలావరకు 200 దగ్గరే ఆగిపోతాయి. పూత పెచ్చులు లేస్తుంటే మాత్రం బాస్కెట్ మార్చండి.

బటర్ పేపర్ వేయొచ్చా?

మొదటి 6, 7 నిమిషాలు వేసి, పకోడీ గట్టిపడ్డాక లాగేయండి. చివరిదాకా ఉంచితే కిందనుంచి గాలి తగలదు. ఖాళీ మెషీన్ వేడెక్కేటప్పుడు పేపర్ ఒక్కటే వేయకండి, ఎగిరి కాయిల్‌కు అంటుకుని కాలుతుంది. బటర్ పేపర్ పేరుతో బజారులో దొరికేవన్నీ ఒకటి కాదు, ఓవెన్‌కు పనికొస్తుందని పాకెట్ మీద రాసి ఉన్నదే కొనండి. సిలికాన్ గిన్నెల్లో పకోడీ బాగా రాదు, అడుగు ఉడుకుతుంది.

స్ప్రే డబ్బాలు మంచివా?

గ్యాస్‌తో కొట్టే వంట స్ప్రేలలో లెసితిన్ లాంటివి ఉంటాయి, అవి నాన్‌స్టిక్ మీద జిడ్డు పొరలా పేరుకుని పోవు. మామూలు పంపు స్ప్రే సీసాలో మీ ఇంటి నూనె పోసుకోండి, లేదా బ్రష్. పల్లీ నూనె రుచి దీనికి బాగుంటుంది.

అపార్ట్‌మెంట్‌లో పొగ అలారం మోగుతుందేమో?

అమెరికాలో చలికాలం కిటికీలు మూసుకుని పకోడీ వేయాలంటే ఉండే భయం ఇదే కదా. మెషీన్ శుభ్రంగా ఉంటే మోగదు. పొగ వచ్చేది పకోడీ నుంచి కాదు, అడుగున మిగిలిపోయిన పాత జిడ్డు నుంచి, ముఖ్యంగా ముందు రోజు చికెన్ చేసి కడగకపోతే. వాసన మాత్రం వస్తుంది, కాకపోతే నూనె వాసనలా కోట్లకూ కర్టెన్లకూ పట్టుకుని మూడు రోజులుండదు.

కరెంటు బిల్లు? ప్లగ్?

1500 వాట్ల మెషీన్ 20 నిమిషాలు ఆగకుండా నడిస్తే అర యూనిట్. మధ్యలో కాయిల్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి అంతకంటే తక్కువే. 16 యాంపియర్ల పవర్ ప్లగ్‌కే పెట్టండి, మిక్సీ ప్లగ్‌కు, ఎక్స్‌టెన్షన్ బాక్సులకు వద్దు. అమెరికా నుంచి తెచ్చుకునే ఆలోచన ఉంటే మానేయండి, అక్కడిది 120 వోల్టులకు చేసింది, మన 230కి పెడితే కాలిపోతుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు.

ఎయిర్ ఫ్రయ్యర్ లేదు, ఓటీజీ (ఓవెన్ టోస్టర్ గ్రిల్లర్) ఉంది.

ఫ్యాను ఉన్న ఓటీజీ అయితే ఇవే కొలతలు. 200 మీద బాగా వేడెక్కనిచ్చి, ట్రే బదులు జల్లి స్టాండు మీద పేపర్ వేసి పెట్టండి, సగంలో పేపర్ తీసేయండి, 20, 22 నిమిషాలు పట్టొచ్చు. ఫ్యాను లేనిదాంట్లో కరకర అంతంతమాత్రమే.

బాస్కెట్‌కు పసుపు రంగు పట్టేసింది, ఎలా వదిలించాలి?

ఈ పకోడీలో పసుపు వేయక్కర్లేదు, శనగపిండి రంగే చాలు. ఇప్పటికే పట్టి ఉంటే వేడినీళ్లు, గిన్నెల సబ్బు పోసి అరగంట నానబెట్టి స్పాంజితో తుడవండి. మొండి మరకకు వంట సోడా పేస్టు రాసి పది నిమిషాలు ఆగండి. స్టీలు పీచు ముట్టించొద్దు. నెలకోసారి మెషీన్ ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక తిరగేసి, పైన కాయిల్‌ను తడిగుడ్డతో తుడవండి, చాలామందికి అక్కడ జిడ్డు ఉంటుందనే తెలియదు.